ఏడాది చదువు లెక్క: మీ ప్రశ్నలు, మా జవాబులు

హైదరాబాదులో పుస్తక ప్రదర్శన ముగిసి, విజయవాడలో పుస్తక మహోత్సవం మొదలయ్యే రోజులివి. గడిచిన ఏడాది ఏం చదివాం, ఎలా చదివాం అని వెనక్కి తిరిగి చూసుకునే పాఠకుల ప్రశ్నలకే ఈసారి శీర్షిక మొత్తం ఇచ్చేశాం.

ప్రశ్న: ఏడాదంతా చదివాను గానీ ఎక్కడా రాసుకోలేదు. ఎంత ఆలోచించినా ఏడో ఎనిమిదో పేర్లు తప్ప గుర్తు రావడం లేదు. జాబితా మళ్ళీ కట్టుకోవడం కుదురుతుందా?
– ఉపాధ్యాయిని, తణుకు

జవాబు: కుదురుతుందండీ. ఒక ఆదివారం పొద్దున్న చాలు. కాకపోతే జ్ఞాపకంతో మొదలుపెట్టకండి. అలా మొదలుపెడితే దసరా తర్వాత చదివినవే ముందుకొస్తాయి. ఫిబ్రవరిలో చదివింది కిందటేడాదిదేమో అనిపిస్తుంది. ముందు కాగితం, తర్వాత ఫోను, ఆఖర్న జ్ఞాపకం. ఈ వరస తప్పకండి.

ఒక తెల్లకాగితం మీద నెలకొకటి చొప్పున పన్నెండు గళ్ళు గీయండి. ఇంట్లో ఉన్న పుస్తకాలను ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని తెరవండి. వీపు మీది పేరు చూసి వదిలేస్తే లాభం లేదు. మనం గుర్తుగా పెట్టి మరిచిపోయిన బస్సు టిక్కెట్టో, మందుల చీటీయో, శుభలేఖో పేజీల మధ్య దొరుకుతుంది. టిక్కెట్టు మీద తేదీ ఉంటుంది. శుభలేఖ మీద ముహూర్తంతో సహా ఉంటుంది. అది ఏ పేజీలో దొరికిందో కూడా రాసుకోండి. ఆఖరి పేజీల్లో దొరికితే పుస్తకం పూర్తయినట్టే అనుకోవచ్చు. నలభయ్యో పేజీలో దొరికిందంటే అక్కడ ఆగిపోయి ఉంటారు.

గ్రంథాలయం నుంచి తెచ్చినవి ఇంట్లో ఉండవు కాబట్టి మీ సభ్యత్వ కార్డు చూడండి. దాని మీద తేదీ, పుస్తకం నంబరు మాత్రమే ఉంటే కంగారుపడకండి. అది ఆ ప్రతికి గ్రంథాలయం వేసిన యాక్సెషన్ నంబరు. రిజిస్టరులో ఆ నంబరుకు ఎదురుగా పుస్తకం పేరు ఉంటుంది, గ్రంథపాలకులను అడిగితే చూసి చెబుతారు.

ఆ తర్వాత ఫోను. యూపీఐ చెల్లింపుల్లో పుస్తకాల షాపుల పేర్లు, ఆన్‌లైన్ ఆర్డర్లలో ఆ ఏడాదివి, గ్యాలరీలో అట్టల ఫోటోలు చూడండి. వాట్సాప్ వెతుకులో 'పుస్తకం', 'చదివావా' అన్న మాటలను తెలుగులో ఒకసారి, ఇంగ్లీషు అక్షరాల్లో ఒకసారి కొట్టండి. ఒక జాగ్రత్త: కొన్న తేదీ చదివిన తేదీ కాదు. జాబితాలు ఎక్కువగా చెడేది ఇక్కడే. ప్రదర్శనలో కొన్న పదీ ఆ నెల గడిలో చేరిపోతాయి, వాటిలో చదివినవి రెండే అయి ఉంటాయి.

ఇక జ్ఞాపకం. నెల పేరుతో అడిగితే అది పలకదు, పండగతో అడగండి. సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు సంచిలో ఏముంది? వేసవి సెలవుల్లో మధ్యాహ్నాలు ఏం చదివారు? వినాయక చవితి వానల్లో? ఎవరి ఇంట్లో ఉండి చదివారు? సాక్ష్యం దొరికిన వాటికి టిక్కు, నెల ఊహించిన వాటికి ప్రశ్నార్థకం పెట్టండి. ఆ ప్రశ్నార్థకాలను అలాగే ఉంచండి. జాబితా నిండుగా కనిపించాలని వాటిని టిక్కులుగా మారిస్తే వచ్చే ఏడాది పోల్చుకోవడానికి ఏమీ మిగలదు.

ప్రశ్న: సగంలో వదిలేసినవి లెక్కలోకి తీసుకోవాలా? నాకు ఈ ఏడాది పూర్తయినవి 14, వదిలేసినవి 19. సిగ్గుగా ఉంది.
– బ్యాంకు ఉద్యోగి, కరీంనగర్

జవాబు: సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఈ ఉత్తరాలన్నిటిలో మాకు అన్నిటికన్నా విలువైన లెక్కగా కనిపించింది మీదే. పూర్తిచేసిన 14 పుస్తకాలు మీకేం నచ్చుతుందో చెబుతాయి, అది మీకు ఇదివరకే తెలుసు. వదిలేసిన 19 మీ చదువు ఎక్కడ తెగుతోందో చెబుతాయి. కాబట్టి రెండూ రాయండి, కాకపోతే వేర్వేరు పేజీల్లో.

వదిలేసిన ప్రతి పుస్తకానికీ మూడు సంగతులు కావాలి: ఆగిన పేజీ, మొత్తం పేజీలు, ఒక్క మాటలో కారణం. కారణం 'బాగోలేదు' అని రాస్తే పనికిరాదు. 'అచ్చు చిన్నది', 'అనువాదం నడవలేదు', 'గడువు అయిపోయింది', 'పేర్లు కలిసిపోయాయి', 'నాకు తెలిసిన విషయమే' లాగా రాయండి. గడువు తీరి గ్రంథాలయానికి తిరిగి ఇచ్చేసినవాటిని వదిలేసినవాటిలో కలపకండి. అక్కడ లోపం పుస్తకానిదీ కాదు, మీదీ కాదు. వాటిని మళ్ళీ తెచ్చుకోవాల్సినవాటి కింద రాసుకోండి.

ఇప్పుడు ఆగిన పేజీలను వరసగా చూడండి. మూడు చోట్ల గుంపు కడతాయి.

మొదటి గుంపు 10 నుంచి 30 పేజీల లోపు. మన పుస్తకాల్లో దీనికి ప్రత్యేకమైన కారణం ఒకటి ఉంది: ముందుమాటలు. ప్రకాశకుల మాట, ఒక పెద్దాయన అభిప్రాయం, మిత్రుడి పరిచయం, రచయిత నివేదన, కృతజ్ఞతలు... ఇవన్నీ దాటేసరికి పాతిక పేజీలు అయిపోతాయి. కథ మొదలుకాకముందే కథ ఏమిటో ఎవరో చెప్పేసి ఉంటారు. ముందుమాటలను ఆఖర్న చదవండి. అప్పుడవి ఎంతో రుచిస్తాయి, రాసినవాళ్ళతో వాదించడానికి మీ దగ్గర కూడా మాట ఉంటుంది.

రెండో గుంపు 50 నుంచి 80 మధ్య. నవలల్లో, అందులోనూ అనువాదాల్లో, ఇక్కడ ఆగడానికి కారణం చాలాసార్లు మనుషుల పేర్లు. అట్ట లోపలివైపు పెన్సిలుతో పేరు, చుట్టరికం, మొదట కనిపించిన పేజీ రాసుకుంటూ వెళ్ళండి. పది పన్నెండు పేర్లు రాసేసరికి పుస్తకం చేతికొస్తుంది. గ్రంథాలయం పుస్తకమైతే దాని మీద రాయొద్దు, విడి చీటీ పెట్టుకోండి. పేర్లు తెలిసినా వాక్యం కాళ్ళకు అడ్డం పడుతుంటే అది అనువాదం తీరు. అదే రచనకు మరో అనువాదం ఉందేమో కనుక్కోండి. లేకపోతే నిస్సంకోచంగా వదిలేయండి.

మూడో గుంపు 200 దాటాక. ఇవి ఎక్కువగా సమగ్ర సంపుటాలు. ఒక కథకుడు నలభై ఏళ్ళలో రాసిన కథలను నెల రోజుల్లో వరసపెట్టి చదివితే ఎంత గొప్ప రచయితయినా ఒకేలా అనిపిస్తాడు. సంపుటాన్ని ఒక పుస్తకంగా లెక్కపెట్టకండి, కథకొక గీత గీయండి. 62 కథల్లో 35 చదివితే అది వదిలేసిన పుస్తకం కాదు, చదివిన 35 కథలు.

ప్రశ్న: నా స్నేహితుడు 40 పుస్తకాలు చదివానంటున్నాడు. నావి 11. అందులో ఒకటి పోతన భాగవతం, ఇంకా నడుస్తోంది. ఈ రెంటినీ పోల్చడానికి సరైన కొలత ఏదైనా ఉందా?
– విశ్రాంత ఇంజనీరు, కాకినాడ

జవాబు: పుస్తకాల సంఖ్యతో పోల్చలేరు, పేజీలతోనూ అంతంతమాత్రమే. డెమ్మీ సైజు పుస్తకంలో పేజీకి 28 వరసలు, వరసకు ఏడు మాటలు ఉన్నాయనుకోండి: 196 మాటలు. దానికన్నా చిన్నదైన క్రౌను సైజులో పెద్ద అచ్చుతో 22 వరసలు, వరసకు ఆరు మాటలు: 132. రెండూ 200 పేజీల పుస్తకాలే. ఒకదానిలో 39,200 మాటలు, రెండోదానిలో 26,400. తేడా దాదాపు ఒకటిన్నర రెట్లు. మీ పుస్తకానికి ఈ లెక్క మీరే కట్టొచ్చు: మధ్యలో ఏదో ఒక పేజీ తెరిచి, పది వరసల్లో మాటలు లెక్కించి పదితో భాగించి, పేజీలోని వరసలతోనూ మొత్తం పేజీలతోనూ హెచ్చించండి. అధ్యాయం మొదటి పేజీ, సంభాషణలు నిండిన పేజీ తీసుకుంటే లెక్క తప్పుతుంది.

పద్యానికి ఈ కొలత అసలు పనికిరాదు. ఒక్క సీసపద్యం, దాని ప్రతిపదార్థం, తాత్పర్యంతో కలిపి ఒక సాయంత్రం పట్టొచ్చు. భాగవతంలోని పన్నెండు స్కంధాలకూ స్కంధానికొక గడి వేసుకోండి. దశమ స్కంధం పూర్వోత్తర భాగాలుగా ఉంది కనుక దానికి మాత్రం రెండు గళ్ళు. భారతమైతే పద్ధెనిమిది పర్వాలు. రోజువారీగా మాత్రం చదివిన పద్యాల సంఖ్య రాసుకోండి. పేజీలు లెక్కపెడితే వచనం ఎక్కువున్న ఘట్టాల్లో వేగం హఠాత్తుగా పెరిగినట్టు కనిపిస్తుంది, అది వేగం కాదు.

మాకు నమ్మకమున్న కొలత ఒకటే: వారానికి ఎన్ని రోజులు పుస్తకం తెరిచారన్నది. దాంట్లో మీ 11, ఆయన 40 కంటే ముందుండొచ్చు.

ప్రశ్న: ఇదివరకు రాత్రి పడుకునే ముందు 30 పేజీలు చదివేదాన్ని. ఈ ఏడాది ఐదు పేజీలకే నిద్ర ముంచుకొస్తోంది. ఆసక్తి తగ్గిపోయిందా? వయసు 46.
– గృహిణి, ఖమ్మం

జవాబు: ఆసక్తిని అనుమానించేముందు కళ్ళను, దీపాన్ని చూసుకోండమ్మా. నలభై దాటాక కంటిలోని కటకం బిగుసుకుని, దగ్గరి అక్షరం మీద చూపు నిలపడం కష్టమవుతుంది. దాన్నే మనవాళ్ళు చత్వారం అన్నారు. ఆ మాట పుట్టిందే నలభై నుంచి. చూపు నిలపడానికి కన్ను పడే శ్రమ మీకు నిద్రలాగా, తలనొప్పిలాగా తెలుస్తుంది.

ఇంట్లోనే ఒక పరీక్ష చేసుకోండి. రాత్రి చదివిన పేజీనే మర్నాడు పదిగంటలకు కిటికీ పక్కన కూర్చుని చదవండి. పుస్తకం కంటికి 35 నుంచి 40 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి, స్కేలుతో కొలవండి. పగలు హాయిగా సాగితే లోపం మీ దీపంలో ఉండొచ్చు. పగలు కూడా చెయ్యి చాచి పుస్తకాన్ని దూరం జరపాలనిపిస్తే కళ్ళజోడు కావాలి, లేదా ఉన్నదాని పవరు మారాలి. కంటి డాక్టరుకు చూపించుకోండి. రెడీమేడ్ అద్దాలు రెండు కళ్ళకూ ఒకే పవరుతో వస్తాయి, మీ రెండు కళ్ళూ ఒకేలా ఉన్నాయని చెప్పలేం.

దీపం సంగతి: గది గోడ మీది ట్యూబులైటు పడుకుని చదవడానికి పనికిరాదు, మీ తల నీడో చేతి నీడో పేజీ మీద పడుతుంది. 7 నుంచి 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బున్న టేబుల్ ల్యాంపు ఎడమ భుజం వెనక నుంచి, పేజీకి అర మీటరు దూరంలో ఉండేట్టు పెట్టుకోండి. దీపం దూరం సగానికి తగ్గితే పేజీ మీద వెలుతురు నాలుగింతలవుతుంది. పచ్చబడిన పాత కాగితం మీద సిరాకూ కాగితానికీ తేడా తగ్గిపోతుంది కాబట్టి అలాంటి పుస్తకాలను పగటికి మార్చండి, రాత్రికి కొత్త ముద్రణలు ఉంచుకోండి. నెల రోజులు ఇలా చేసి, అప్పుడు ఆసక్తి గురించి మళ్ళీ రాయండి.

ప్రశ్న: విన్న పుస్తకాలు చదివినట్టేనా?
– ట్యాక్సీ డ్రైవరు, విశాఖపట్నం

జవాబు: విన్నట్టు. అది తక్కువేం కాదు, మన పురాణాలన్నీ విని నిలుపుకున్నవే. వాటికి వేరే గీత పెట్టి గంటల్లో రాయండి. పేజీల్లోకి మార్చాలంటే మీ దగ్గరున్న పుస్తకం ఒక పేజీ మామూలు వేగంతో పైకి చదివి సమయం చూడండి. పేజీకి రెండున్నర నిమిషాలు పడితే ఆరు గంటల ఆడియో 144 పేజీలు. వేగం పెంచి వింటే రాసుకోవాల్సింది గడియారం గంటలు కాదు, అసలు నిడివి.

ప్రశ్న: లెక్కంతా గూగుల్ షీట్లో పెట్టాను. తేదీల వారీగా సర్దితే ఏప్రిల్‌వి మేలోకి పోతున్నాయి, కొన్ని కదలడమే లేదు. రచయితల లెక్కలోనూ ఒకే మనిషి ముగ్గురిగా వస్తున్నాడు.
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, బెంగళూరు

జవాబు: తేదీల జబ్బు లొకేల్‌ది, అంటే షీటు ఏ దేశపు పద్ధతి పాటించాలో చెప్పే సెట్టింగుది. షీటు అమెరికా పద్ధతిలో ఉంటే 05/04 అంటే మే 4 అనుకుంటుంది. 25/04 కొడితే ఇరవై అయిదో నెల లేదు గనుక దాన్ని ఉత్త అక్షరాలుగా వదిలేస్తుంది. గడిలో ఎడమకు అతుక్కుని ఉన్నవన్నీ ఇలాంటివే, సరైన తేదీ కుడివైపు నిలుస్తుంది. ఫైల్, సెట్టింగ్స్, లొకేల్‌లోకి వెళ్ళి ఇండియా పెట్టండి. ఇప్పటికే తప్పుగా మారిపోయినవి వాటంతట అవి బాగుపడవు, తేదీ 12 లోపున్న వాటిని ఒక్కొక్కటి చూసి దిద్దాలి.

రచయితల పేర్ల చిక్కు తెలుగులో మరీ ఎక్కువ. ఇంటిపేరు ముందు, పొడి అక్షరాలు ఒకచోట విప్పి ఒకచోట కుదించి, పైన కలం పేరు. రావిశాస్త్రి, రాచకొండ విశ్వనాథశాస్త్రి, రా.వి.శాస్త్రి అని మూడు రకాలుగా కొడితే షీటుకు ముగ్గురే. రెండు నిలువు వరసలు పెట్టండి: ఒకదానిలో అట్ట మీద ఉన్నట్టే, రెండోదానిలో మీరు నిర్ణయించుకున్న ఒకే రూపం. లెక్క రెండో దానితో చేయండి.

'ఎంతమంది స్త్రీలను చదివాను' అని చూసేవాళ్ళకు ఒక మాట. బీనాదేవి భార్యాభర్తలిద్దరి కలం పేరు. 1970ల్లో ఆడపేర్లతో నవలలు రాసిన మగవాళ్ళు కూడా ఉన్నారు. పేరు చూసి గడి నింపొద్దు.

ఇంకో గడి తప్పకుండా పెట్టండి, అనువాదకులది. ఏడాదిలో నాలుగు అనువాదాలు నచ్చాయంటే, చూస్తే వాటిలో రెండు ఒకే చేతివి కావచ్చు. వచ్చే ఏడాది ఎవరి పేరు చూసి పుస్తకం అందుకోవాలో దాంతో తేలిపోతుంది. ముద్రణ ఏడాది రాసేటప్పుడు లోపలి పేజీలో 'మొదటి ముద్రణ' అని ఉన్నదాన్నే తీసుకోండి. అది లేకపోతే ముందుమాట కింద రాసిన ఊరు, తేదీ చూడండి, చాలాసార్లు అక్కడ దొరుకుతుంది. లేకుంటే 2023లో అచ్చయిన 1950ల నవలను కొత్త పుస్తకంగా లెక్కపెడతారు.

ప్రశ్న: ఇంట్లో చదవని పుస్తకాలు 64 ఉన్నాయి. ఈసారి ప్రదర్శనలో కొనాలా వద్దా?
– డిగ్రీ విద్యార్థి, తిరుపతి

జవాబు: సగటున 220 పేజీలనుకుంటే 64 పుస్తకాలు 14,080 పేజీలు. కిందటేడాది మీరు చదివింది 3,300 పేజీలైతే, ఒక్కటి కూడా కొనకపోయినా నాలుగేళ్ళ పైచిలుకు సరిపడా సరుకు ఇంట్లో ఉన్నట్టు. మీ అంకెలు వేసి చూసుకుని బయల్దేరండి.

అయినా ప్రదర్శన మానేయమనం. మళ్ళీ అచ్చుకు రాని చిన్న ప్రచురణలు, రచయిత సొంతంగా వేసుకున్నవి, జిల్లాల చరిత్రలు దొరికేది అక్కడే. వాటికే డబ్బు దాచుకోండి. ఎప్పుడూ దొరికే నవలల కోసం గ్రంథాలయానికి వెళ్ళండి. మన రెండు రాష్ట్రాల్లోనూ ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలవుతుంది. ఇంటికి పన్ను కట్టే ప్రతి కుటుంబం ఆ అలమరలకు డబ్బు కడుతూనే ఉంది. గ్రంథాలయ శాస్త్రానికి ఐదు సూత్రాలు రాసిన రంగనాథన్ మొట్టమొదటి సూత్రం 'పుస్తకాలు ఉన్నది వాడుకకే' అని. మీ ఇంటి 64కూ అది వర్తిస్తుంది. రెండేళ్ళుగా తెరవనివి పది తీసి, చదివేవాళ్ళకు ఇచ్చేయండి.

ప్రశ్న: అమెరికాలో ఉంటాం. ఈ ఏడాది తెలుగు పుస్తకాలు స్కాన్ చేసిన పీడీఎఫ్‌లలోనే చదివాను. ఏదీ 50 పేజీలు దాటలేదు.
– న్యూజెర్సీ

జవాబు: స్కాను అంటే పేజీ ఫోటో. అక్షరం పెద్దది చేస్తే వరస తెర దాటిపోతుంది, ప్రతి వరసకూ వేలితో అటూ ఇటూ జరపాలి. ఫోనులో అది చదువు కాదు, శిక్ష. 10 అంగుళాల ట్యాబ్లెట్టు వాడండి. అంచుల్లో ఉన్న ఖాళీని కత్తిరించే యాప్‌లో తెరవండి, అక్షరం దానంతటదే పెద్దదవుతుంది. ఆగిన చోటు రాసేటప్పుడు యాప్ చూపే నంబరు కాకుండా పేజీ మీద అచ్చయిన నంబరు రాయండి. అట్ట, ముందుమాటల వల్ల ఆ రెంటికీ పది ఇరవై తేడా ఉంటుంది. కొన్ని స్కానుల్లో పేజీలు ఎగిరిపోయి ఉంటాయి కాబట్టి మొదలుపెట్టే ముందే పది పేజీలకొకసారి నంబర్లు చూసుకోండి. సగం నవల అయ్యాక 112 తర్వాత 129 వస్తే ఆ బాధ చెప్పనలవి కాదు.

ప్రశ్న: వచ్చే ఏడాది చదువు లెక్క రాసే పుస్తకంలో ఏమేం రాసుకోవాలి? పోయినసారి పదిహేను గళ్ళతో మొదలుపెట్టి మార్చిలో మానేశాను.
– ఒంగోలు

జవాబు: పదిహేను గళ్ళే మానిపించాయి. ఆరు చాలు: పేరు, రచయిత (అనువాదకులుంటే వాళ్ళు కూడా), మొదలుపెట్టిన తేదీ, పూర్తయిన లేదా ఆగిన తేదీ, ఆగిన పేజీ, పుస్తకం ఎలా చేతికొచ్చింది. మొదలుపెట్టిన రోజే గీత గీయాలి. పూర్తయ్యాక రాద్దామనుకుంటే వదిలేసినవి ఎప్పటికీ నమోదు కావు. ఏడాది దాటి సాగే పుస్తకాన్ని పూర్తయిన ఏడాదిలోకి వేయండి, మొదలైన ఏడాదిలో బాణం గుర్తు పెట్టండి.

ఆరో గడిని తేలిగ్గా చూడకండి. 'అత్తయ్య ఇచ్చింది', 'సమీక్ష చదివి', 'గ్రంథాలయంలో కనబడి', 'తగ్గింపు ధరకు' అని రాయండి. ఏడాది చివర ఏ దారిలో వచ్చినవి పూర్తయ్యాయో, ఏ దారిలో వచ్చినవి ఆగాయో లెక్క చూస్తే, ఎవరి మాట విని పుస్తకం తెచ్చుకోవాలో తేలుతుంది.

మార్కులు వేయాలనుంటే పూర్తిచేసిన రోజు వేయకండి, ఆ వేడిలో అన్నీ గొప్పవే. మూడు నెలలాగి, పుస్తకం తెరవకుండా, అందులో గుర్తున్న ఒక్క సంగతి రెండు వరసల్లో రాయండి. ఏమీ రాకపోతే గడి ఖాళీగా వదిలేయండి. 200 పేజీల రూళ్ళ పుస్తకం, దానికి దారంతో కట్టిన పెన్సిలు, రెండూ మీరు చదివే చోటే ఉండాలి. బీరువాలో పెడితే మళ్ళీ మార్చికే ఆగిపోతుంది.